కంచం పద్దులోకెక్కిన కథ

1920 సెప్టెంబరు 16న చెన్నపట్నం కార్పొరేషన్ కౌన్సిల్ ముందుకు ఒక చిన్న ప్రతిపాదన వచ్చింది. థౌజండ్ లైట్స్ ప్రాంతంలో కార్పొరేషన్ నడుపుతున్న బడిలో పిల్లలకు పగటిపూట టిఫిన్ పెట్టాలి. ఖర్చు పిల్లవాడికి రోజుకు ఒక అణా దాటకూడదు. అంతే. తెచ్చినవారు కౌన్సిల్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి. తెలుగు మాట్లాడే దేవాంగుల ఇంట పుట్టి, మగ్గాల వ్యాపారంలో పైకొచ్చి, డాక్టర్ టి.ఎం. నాయర్ వంటివారితో కలిసి జస్టిస్ పార్టీకి పునాది వేసిన మనిషి. ఈనాటి చెన్నైలో టి.నగర్ అని అందరూ పిలిచే పేట పేరులో ఉన్నది ఆయనే.

ఆ రోజుల్లో చదువు గురించి ఆలోచించేవాళ్లందరినీ ఒక చిక్కు వేధించేది. బడి కట్టారు, పంతులును పెట్టారు, జీతం అడగలేదు. అయినా పేదవాడల పిల్లలు రారు. వచ్చినవాళ్లు నిలవరు. తల్లిదండ్రులకు చదువు విలువ తెలియదని కొందరు అన్నారు. పంతుళ్లు సరిగా లేరని కొందరు, చట్టంతో బలవంతపెట్టాలని మరికొందరు. ఆ ఏడాదే మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం కూడా వచ్చింది. చెట్టిగారి జవాబు మాత్రం వేరు. ఆ బడిలో చదివేవాళ్లు నిరుపేదలు, అందుకే బడి బలపడటం లేదు అన్నారాయన. ఖాళీ కడుపుతో పొద్దున వచ్చిన పిల్లవాడికి మధ్యాహ్నం ఇంటికి వెళ్లినా అక్కడ పొయ్యి వెలిగి ఉండదు. వాడు తిరిగి బడికి ఎందుకొస్తాడు? నాలుగు డబ్బులొచ్చే పని దొరికే చోటికి పోతాడు.

ఇప్పుడు వింటే ఇందులో కనిపెట్టిందేముంది అనిపిస్తుంది. కానీ హాజరుపట్టీని కంచంతో కలిపి చూసిన ఆ చూపే ఈ కథలో అసలు ఆవిష్కరణ. అన్నదానం మనకు కొత్త కాదు. సత్రాలున్నాయి, గుళ్లలో ప్రసాదాలున్నాయి. అవన్నీ పుణ్యం కోసం పెట్టేవి. బడిలో పెట్టే టిఫిన్ చదువుకయ్యే ఖర్చులో భాగమని, పలకకూ బల్లకూ పెట్టే డబ్బులాగే దానికీ ఖజానా నుంచే డబ్బు రావాలని అనడం కొత్త. తర్వాతి నూరేళ్లలో ఈ ఆలోచన ఎక్కడ ఆగిపోయినా ఒక్క ప్రశ్న దగ్గరే ఆగింది: ఈ ఖర్చు ఏ పద్దు కింద రాయాలి?

కౌన్సిల్ ఒప్పుకుంది. థౌజండ్ లైట్స్ బడి తర్వాత మరో నాలుగు బడులకు టిఫిన్ చేరింది. చేరే పిల్లలు పెరిగారు. ఊహ నిజమేనని హాజరుపట్టీయే సాక్ష్యం చెప్పింది.

అంతలోనే దెబ్బ తగిలింది. ప్రాథమిక విద్యా నిధి చదువు కోసం ఉన్నది, తిండి కోసం కాదు. ఆ నిధిలోంచి ఈ ఖర్చు పెట్టడానికి వీల్లేదు అని బ్రిటిష్ ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. 1925 ఏప్రిల్ 1న టిఫిన్ ఆగింది. పిల్లల సంఖ్య కూడా వెంటనే పడిపోయింది. పెట్టినప్పుడు పెరిగి, ఆపినప్పుడు తగ్గింది. ప్రయోగశాలలో ఏ శాస్త్రవేత్తకైనా ఇంతకన్నా తేటయిన ఫలితం అరుదుగా దొరుకుతుంది. ఆ ఏడాదే చెట్టిగారు కన్నుమూశారు. కౌన్సిల్ సభ్యులు మాత్రం వదల్లేదు, మళ్లీ మళ్లీ చర్చకు తెచ్చారు. రెండేళ్ల తర్వాత 25 బడుల్లో సుమారు వెయ్యిమంది పేద పిల్లలకు టిఫిన్ తిరిగి మొదలైంది. ఒక మహానగరంలో వెయ్యిమంది. దీపం ఆరిపోలేదు, అంతవరకే.

1930లో ఫ్రెంచివారి ఏలుబడిలోని పుదుచ్చేరిలోనూ బడి పిల్లలకు మధ్యాహ్నం తిండి పెట్టడం మొదలైంది. తర్వాత యుద్ధం, కరువులు, స్వాతంత్ర్యం. ఆలోచన పెద్ద అడుగు వేయడానికి పాతికేళ్లు పట్టింది. ఆ అడుగుకు ముందు ఒక తప్పటడుగు ఉంది.

1953లో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి రాజాజీ. అప్పటికింకా ఆంధ్ర జిల్లాలు ఆ రాష్ట్రంలోనే ఉన్నాయి. బడులు చాలవు, పంతుళ్లు చాలరు, ఖజానాలో డబ్బు లేదు. రాజాజీ లెక్క ఏమిటంటే, బడిని రెండు పూటలుగా విడగొడితే అదే పంతులుతో రెట్టింపు పిల్లలకు చెప్పించవచ్చు. పిల్లవాడు మూడు గంటలు బడిలో ఉండి, మిగతా సమయం ఇంట్లో తండ్రి పని నేర్చుకోవచ్చు. కాగితం మీద పొదుపు కుదిరింది. కానీ చాకలి కొడుకు చాకలిగా, కుమ్మరి కొడుకు కుమ్మరిగా ఉండిపోవాలా అని రాష్ట్రం మండిపడింది. రాజాజీ పట్టుకున్న కొరత నిజమైనదే, అది ఒప్పుకోవాలి. పంచవలసిన కొరతను పిల్లల మీదికి నెట్టడమే పొరపాటు. 1954 ఏప్రిల్‌లో ఆయన తర్వాత ముఖ్యమంత్రి అయిన కామరాజ్ వచ్చీ రాగానే ఆ పథకాన్ని రద్దు చేశారు.

కామరాజ్ విరుదుపట్టిలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. పన్నెండేళ్లు నిండేసరికే బడి వదిలి మేనమామ బట్టల కొట్లో చేరారు. బడి మానేసిన పిల్లవాడే ముఖ్యమంత్రి అయి బడుల గురించి ఆలోచించడం మొదలుపెట్టాడు. తమిళనాట ఇంటింటా చెప్పుకునే కథ ఒకటుంది. పర్యటనలో రైల్వేగేటు దగ్గర కారు ఆగితే, పశువులు కాస్తున్న పిల్లవాణ్ని చూసి బడికెందుకు వెళ్లవు అని అడిగారట. బడికెళితే నువ్వు కూడు పెడతావా అన్నాడట వాడు. ఊరి పేరు ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతారు. కథ ఎలా నడిచినా, ఆ ప్రశ్నకు జవాబు చెప్పిన ముఖ్యమంత్రి ఆయనే.

జవాబుకు డబ్బెక్కడిది? ఇక్కడ అదృష్టం కూడా కొంత కలిసొచ్చింది. విద్యాశాఖ, ఆర్థికశాఖ రెండూ సి. సుబ్రమణ్యం చేతిలోనే ఉన్నాయి. అడిగే మంత్రి, ఇచ్చే మంత్రి ఒకరే కావడం ఏ రాష్ట్రంలోనూ తరచుగా జరగదు. విద్యాశాఖ అధిపతి నె.దు. సుందరవడివేలు పల్లెల్ని ఎరిగిన అధికారి. వాళ్లు ఎంచుకున్న దారి ముచ్చటైనది. ఖజానా తలుపు తెరుచుకునేదాకా ఆగకుండా ముందు ఊళ్లను కదిలించారు. ధాన్యం ఇచ్చేవాళ్లు ధాన్యం, కూరగాయలు ఇచ్చేవాళ్లు కూరగాయలు ఇచ్చారు. కావలిస్తే ఊరూరా తిరిగి బిచ్చమెత్తుతానని కామరాజ్ అన్నట్టు చెబుతారు. 1956లో, కవి భారతి పుట్టిన ఎట్టయపురంలో పథకం మొదలైంది. కొద్దికాలానికే ప్రభుత్వం చేయి కలిపింది. భోజనానికి పది పైసల లెక్కన ఆరు పైసలు ప్రభుత్వానివి, నాలుగు పైసలు ఊరివి. ఏడాదికి రెండు వందల రోజులు. 1925లో కొట్టేసిన ఖర్చు ఒక రాష్ట్ర బడ్జెట్‌లో సొంత స్థానం సంపాదించుకుంది.

1961 నుంచి అమెరికా సహాయ సంస్థ కేర్ కూడా తోడయింది. తెలుగు జిల్లాల్లోనూ అరవై, డెబ్బై దశకాల్లో చదువుకున్నవాళ్లకు ఆ పేరు చెప్పగానే బడి ఆవరణలో పెద్ద గిన్నెలో ఉడికిన ఉప్మా, పాలపొడి కలిపిన పాలు గుర్తొస్తాయి. కానీ పరాయి దేశపు మిగులు ధాన్యం మీద నడిచే వంట ఆ ఓడ ఆగితే ఆగుతుంది. అన్ని బడులకూ చేరనూ లేదు. రాష్ట్రం తన సొంత డబ్బుతో, తన పిల్లలందరికీ పెట్టగలదా అన్నది ఇంకా తేలని ప్రశ్నే.

దాన్ని తేల్చింది తర్వాతి కాలపు తమిళనాడు ముఖ్యమంత్రి ఎం.జి. రామచంద్రన్ (ఎంజీఆర్). ఆయన సినిమా జీవితం తెలుగువారికి తెలిసిందే, బాల్యం అంతగా తెలియదు. సిలోన్‌లో పుట్టి, పసితనంలోనే తండ్రిని పోగొట్టుకుని, తల్లి వెంట కుంభకోణం చేరిన పిల్లవాడు. ఇంట్లో తిండి లేకే చదువు మానేసి నాటకాల కంపెనీలో చేరాడు. ఆకలేస్తే ఏడవడం తప్ప మరేమీ తెలియని వయసులో తాను పడ్డ బాధే ఈ పథకానికి మూలమని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. 1982 జులైలో తిరుచిరాపల్లి జిల్లా పాపాకురిచ్చిలో పౌష్టికాహార పథకాన్ని ప్రారంభించారు. మొదట పల్లెల్లో రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు. సెప్టెంబరు వచ్చేసరికి పట్టణాలకు. 1984లో పదిహేనేళ్ల వరకు. మొదలుపెట్టిన కొద్దికాలానికే సుమారు 60 లక్షలమంది పిల్లలు, ఏటా నూరు కోట్లకు పైగా ఖర్చు.

ఆ సంఖ్య చూసి చాలామంది నిపుణులు గుండెలు బాదుకున్నారు. ఓట్ల కోసం ఖజానాను ఖాళీ చేస్తున్నాడన్నారు. ఆ డబ్బుతో ఫ్యాక్టరీలు కట్టవచ్చు, ఆనకట్టలు కట్టవచ్చు అన్నారు. నిజానికి అది పనికిమాలిన వాదన కాదు. రాష్ట్రం చేతిలో ఉన్నది ఒక్కటే సంచి, అందులోంచి ఒకచోట తీస్తే ఇంకొకచోట తగ్గుతుంది. ఎంజీఆర్ తగ్గలేదు. కాలం ఆయన పక్షానే తీర్పు చెప్పింది. ఎవరూ ముందుగా లెక్కపెట్టని లాభాలు కూడా బయటపడ్డాయి. ప్రతి కేంద్రానికీ నిర్వాహకురాలు, వంటమనిషి, సహాయకురాలు కావలసి వచ్చారు. భర్త పోయిన ఆడవాళ్లు, దిక్కులేనివాళ్లు ఎందరికో ప్రభుత్వ జీతం దొరికింది. ఊరిలో కలిసి నీళ్లు కూడా తాగని కులాల పిల్లలు ఒకే వరుసలో కూర్చుని తిన్నారు. తర్వాత అధికారంలోకి వచ్చిన కరుణానిధి తన రాజకీయ ప్రత్యర్థి పెట్టిన పథకాన్ని తీసేయలేదు. 1989లో దానికి గుడ్డు చేర్చారు. పదిహేను రోజులకొకటిగా మొదలైన ఆ గుడ్డు 2010 నాటికి వారానికి ఐదయింది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకాలు చచ్చిపోయే మన దేశంలో ఇది అరుదైన మర్యాద.

ఇక దేశం వంతు. 1995 ఆగస్టు 15న, పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా, ప్రాథమిక పాఠశాలల పిల్లలకు పోషకాహారం అందించే జాతీయ పథకం మొదలైంది. పిల్లవాడికి రోజుకు నూరు గ్రాముల ధాన్యం కేంద్రం ఇస్తుంది. వండి పెట్టడానికయ్యే ఖర్చు రాష్ట్రాలు భరించాలి. తమిళనాడు వంటి కొద్ది రాష్ట్రాలు తప్ప మిగతావి ఆ ఖర్చుకు పద్దు రాయలేదు. వంట లేదు, మూట మాత్రం ఉంది. నెలలో ఎనభై శాతం రోజులకు తగ్గకుండా హాజరైతే మూడు కిలోల ధాన్యం ఇంటికి పట్టుకెళ్లమన్నారు. తెలుగునాట కూడా పిల్లలు నెలకోసారి సంచి పట్టుకుని బియ్యం కోసం నిలబడ్డారు.

అది దాదాపు విఫలమే. ఇంటికి చేరిన మూడు కిలోలు ఇంటిల్లిపాది పొట్టల్లోకి పోయాయి. పోవలసిందే కూడా, ఆ ఇంట్లో అందరిదీ ఆకలే. కానీ మధ్యాహ్నం ఒంటిగంటకు బడిలో ఉన్న పిల్లవాడి కడుపు అప్పుడూ ఖాళీయే. చెట్టిగారు 1920లో గ్రహించింది దేశం 1995లో మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది. తిండి పెట్టాల్సింది బడిలో, చదివే వేళకు, వండి.

మలుపు రాజస్థాన్ నుంచి వచ్చింది. 2001లో అక్కడ వరుసగా మూడో ఏడు కరువు. పల్లెల్లో జనం పస్తులుంటుంటే, జైపూర్ శివార్లలో ఆహార సంస్థ గోదాముల్లో ధాన్యం చోటు చాలక ఆరుబయట తడిసి పాడవుతోంది. అప్పుడు దేశం మొత్తం మీద నిల్వలు ఆరు కోట్ల టన్నుల దాకా ఉన్నాయి. పౌరహక్కుల ప్రజాసంఘం రాజస్థాన్ శాఖ సుప్రీంకోర్టుకెక్కి, బతికే హక్కులో తినే హక్కు లేదా అని అడిగింది. మొదట అది కరువు సహాయం గురించిన కేసే. బడిపిల్లల భోజనం తర్వాత అందులోకి వచ్చి చేరింది. చివరికి అన్నిటికన్నా గట్టిగా నిలిచింది మాత్రం అదే.

2001 నవంబరు 28న కోర్టు ఉత్తర్వు వచ్చింది. ప్రతి ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలలోనూ వండిన భోజనం పెట్టాలి. కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు ఉండాలి, ఏడాదిలో కనీసం 200 రోజులు పెట్టాలి. డబ్బు లేదని రాష్ట్రాలు మొరపెట్టుకున్నాయి, గడువులు దాటించాయి. కోర్టు నియమించిన కమిషనర్లు వెంటపడ్డారు. కార్యకర్తలు ఖాళీ కంచాలు పట్టుకుని వీధుల్లోకి వచ్చారు. ఒక్కో రాష్ట్రమే కదిలింది. రాజస్థాన్ 2002లో ఉడికించిన గోధుమలు, బెల్లంతో మొదలుపెట్టింది. రోజూ అదే తిండి. అయినా ఒకటో తరగతిలో, ముఖ్యంగా ఆడపిల్లల చేరికలు పెరిగాయి. 2004లో కోర్టు మరో మాట చేర్చింది: వంటపనిలో దళితులకు, ఎస్సీ, ఎస్టీ కుటుంబాల వారికి ప్రాధాన్యమివ్వాలి. ఆ మాట ఎందుకు అవసరమైందో, వంట ఎవరు చేశారో అడిగి కంచం తోసేసిన పెద్దలున్న ఊళ్లకు తెలుసు. అదే ఏడాది కేంద్ర బడ్జెట్ పన్నుల మీద రెండు శాతం విద్యా సెస్సు వేసింది. బడి భోజనానికీ అందులోంచి డబ్బు వచ్చింది. డబ్బు లేదనే సాకు అలా తీరింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో పొయ్యి వెలిగింది. వంటను డ్వాక్రా మహిళలకు అప్పగించారు. చాలా బడుల్లో వంటగది లేదు. చెట్టుకింద మూడు రాళ్ల పొయ్యి, పుల్లలు, పొగ. బిల్లులు రావడానికి నెలలు పట్టేది. కొట్లో పప్పు, నూనె అరువు తెచ్చి, ఒక్కోచోట పుస్తెలు తాకట్టుపెట్టి వండిన ఆడవాళ్లున్నారు. ఈ కథలో త్యాగరాయ చెట్టి పక్కన, కామరాజ్ పక్కన నిలబడవలసినవాళ్లు వీళ్లే. ప్రభుత్వం ఆలస్యం చేసినా పిల్లవాడి ఆకలి ఆలస్యం కాదని తెలిసి పొయ్యి ఆర్పనివాళ్లు.

కథంతా విజయాలే కాదు. 2013 జులై 16న బిహార్‌లోని గండామన్ గ్రామంలో పురుగుమందు కలిసిన బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. దేశం తల దించుకుంది. వండినవాళ్లు, పెద్దలు ముందుగా రుచి చూడాలన్న నియమాన్ని గట్టిగా పాటించాలని ఆ తర్వాతే పట్టుబట్టారు. ఆ ఏడాది సెప్టెంబరులోనే ఆహార భద్రత చట్టం వచ్చి, బడి భోజనాన్ని చట్టబద్ధమైన హక్కు చేసింది. ఇక ఏ ఆర్థికశాఖా ఆ ఖర్చు ఏ పద్దు కింద అని అడగడానికి వీల్లేదు.

ఆ తర్వాత పోటీ మంచి దారి పట్టింది. తెలంగాణ 2015 జనవరి నుంచి సన్నబియ్యం అన్నం పెట్టింది. ఆంధ్రప్రదేశ్ 2020లో గోరుముద్ద పేరుతో వారానికి ఐదు గుడ్లు, పల్లీల చిక్కీ ఇచ్చింది, తర్వాత రాగిజావ చేర్చింది. 2024లో ప్రభుత్వం మారి పథకం పేరు మారినా కంచం నిలిచింది. గోదావరి లంకల్లో వేళాపాళా చూడకుండా వచ్చినవారికల్లా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ పేరు దానికి పెట్టారు. తమిళనాడు మరో మెట్టు ఎక్కింది. అప్పటి ముఖ్యమంత్రి స్టాలిన్ చెన్నైలో ఒక బడికి వెళ్లినప్పుడు, చాలామంది పిల్లలు పొద్దున ఏమీ తినకుండానే వచ్చారని తెలిసిందట. మధ్యాహ్నం దాకా వాళ్లకు పాఠం ఎలా ఎక్కుతుంది? 2022 సెప్టెంబరు 15న 33.56 కోట్ల రూపాయలతో, 1,545 బడుల్లో ఉదయపు ఉపాహారం మొదలైంది. మరుసటి ఏడాది ఆగస్టులో రాష్ట్రంలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటికీ విస్తరించింది. 

ఈ దారిలోనే ఇంకో పనిముట్టు కూడా పుట్టింది. పిల్లల కోసం పెట్టే ఖర్చంతా వేర్వేరు శాఖల్లో చెదిరి ఉంటే, పెరిగిందో తగ్గిందో ఎవరికీ తెలియదు. దాన్నంతా ఒకచోట చేర్చి చూపించాలని స్వచ్ఛంద సంస్థలు ఏళ్ల తరబడి అడిగాయి. 2008-09 కేంద్ర బడ్జెట్‌తో పాటు మొదటిసారి బాలల సంక్షేమ ఖర్చుల పట్టిక వచ్చింది. కర్ణాటక 2020-21లో ప్రత్యేకంగా బాలల బడ్జెట్ ప్రవేశపెట్టింది. మరికొన్ని రాష్ట్రాలూ ఇదే పని చేశాయి. కేంద్రం పట్టిక చెప్పే నిజం కటువైనది. 2011 జనాభా లెక్కల్లో నూటికి 39 మంది పద్దెనిమిదేళ్ల లోపువాళ్లు. ఇటీవలి కేంద్ర బడ్జెట్లలో వాళ్ల పేరిట రాసింది నూటికి మూడు రూపాయలు కూడా లేదు. 2025 మే 1 నుంచి ప్రాథమిక తరగతి పిల్లవాడి భోజనంలో బియ్యం పోగా పప్పు, కూర, నూనె, వంటచెరకు అన్నిటికీ కలిపి కేంద్ర ప్రమాణం రోజుకు 6 రూపాయల 78 పైసలు. వండే అమ్మకు కేంద్రం నిర్ణయించిన గౌరవ వేతనం 2009లో నెలకు వెయ్యి రూపాయలు, 2025 నాటికీ అంతే. ఆంధ్రప్రదేశ్ వంటి రాష్ట్రాలు తమవైపు నుంచి కలిపి మూడు వేలు చేశాయి. మూడు వేలతో ఇల్లు నడవదు.

ప్రతి ఫిబ్రవరి, మార్చిల్లో మన రెండు రాష్ట్రాల బడ్జెట్ పత్రాలు శాసనసభ ముందుకు వస్తాయి. పాఠశాల విద్య పద్దులో మధ్యాహ్న భోజనానికి ఎంత రాశారో, నిరుడు రాసిన మొత్తాన్ని తర్వాత ఎంతకు సవరించారో ఆ పత్రాల్లో ఉంటుంది. ఒక్కసారి ఆ పేజీ తీసి చూడండి. మీ ఊరి బడికి వెళ్లి, వంట చేసే అమ్మకు పోయిన నెల బిల్లు అందిందో లేదో అడగండి. అందకపోతే మీ శాసనసభ్యుణ్ని నిలదీయండి.